గుమాస్తా కలం జారితే రైతు భూమి జారిపోవాలా?

దావా గెలిచి, డిక్రీ నకలు చేతికొచ్చాక కూడా భూమి దక్కని రైతులు మన సంఘంలో ఉన్నారు. ఎదుటివాడు అప్పీలుకు పోయినందుకు కాదు, సాక్ష్యం చాలనందుకు కాదు. డిక్రీలో ఒక అక్షరమో, ఒక అంకెనో తప్పు పడినందుకు. 142/అ అని ఉండాల్సిన చోట 142/ఆ అని పడుతుంది. తూర్పు హద్దు పడమర హద్దు అవుతుంది. తండ్రి పేరు స్థానంలో తాత పేరు దిగుతుంది. తీర్పు చెప్పిన జడ్జి ఆలోచనలో తప్పు లేదు, చట్టంలో తప్పు లేదు, రాసిన చేతిలో తప్పుంది. శిక్ష మాత్రం రైతుకు.

దేవుడు వరమిచ్చినా పూజారి కరుణించలేదని మన పెద్దలు ఊరికే అనలేదు.

ఒక చిన్న లెక్క చూడండి. మన దగ్గర ఎకరానికి 40 గుంటలు. రెండెకరాల పది గుంటలను కాగితం మీద 2-10 అని రాస్తాం. కంప్యూటర్ ముందు కూర్చున్నాయన అడ్డగీత తీసి చుక్క పెట్టాడనుకోండి, 2.10 అవుతుంది. చూడ్డానికి రెండూ ఒకటే. కానీ పది గుంటలంటే పాతిక సెంట్లు, అంటే 2.25 ఎకరాలు. ఒక్క చుక్కతో పదిహేను సెంట్లు, మన లెక్కలో ఆరు గుంటలు, గాలిలో కలిసిపోయాయి. అది భూసేకరణ అవార్డులో పడిన తప్పు అనుకోండి. ఎకరం మార్కెట్ విలువ 20 లక్షలనుకుంటే భూమి విలువలో 3 లక్షలు పోయాయి. దానిమీద 100 శాతం సొలేషియం కలిపితే 6 లక్షలు. దొంగ రాలేదు, కన్నం వేయలేదు. ఒక చుక్క ఆరు లక్షలు ఎత్తుకుపోయింది.

దీన్ని ‘క్లరికల్ మిస్టేక్’ అంటారు. ఆ మాట వింటేనే చిన్న విషయం అనిపిస్తుంది. రాసినవాడికి చిన్నదే. మోసేవాడికి కాదు.

మన సంఘంలోనూ కొందరు మిత్రులు ఇదే అంటున్నారు. ‘మద్దతు ధర, కరెంటు, రుణమాఫీ మీద కొట్లాడాల్సిన సంఘం కోర్టు కాగితాల్లో అక్షర దోషాల వెంట పడటమేంటి? ఎవరి కేసు వాళ్లు, ఎవరి వకీలు వాళ్లు చూసుకుంటారు’ అని. వాళ్లను గౌరవిస్తూనే చెబుతున్నాను, ఆ మాట సరికాదు. మద్దతు ధర అడగాలన్నా, పంట రుణం అడగాలన్నా, రైతుభరోసా అడగాలన్నా ముందు కాగితం మీద రైతువై ఉండాలి. కాగితంలో భూమి లేనివాడికి ఏ పథకమూ లేదు. ఒక్కొక్కరిగా పోతే అది ఒక్కొక్కరి ఖర్మ అవుతుంది. కలిసి పోతే అది సమస్య అవుతుంది. సంఘం ఉన్నది అందుకే.

చట్టం ఏం చెబుతోంది?

మన దేశంలో చట్టం ఈ విషయంలో రైతు పక్షానే ఉంది. సివిల్ ప్రొసీజర్ కోడ్ 1908 నాటిది. అందులో సెక్షన్ 152 ఉంది. తీర్పులో గానీ, డిక్రీలో గానీ, ఉత్తర్వులో గానీ రాతలో తప్పు, లెక్కలో తప్పు, పొరపాటున దొర్లిన తప్పు, పొరపాటున విడిచిపెట్టిన మాట ఉంటే కోర్టు దాన్ని ఎప్పుడైనా దిద్దవచ్చు. ఎవరైనా అర్జీ పెట్టినా దిద్దవచ్చు, ఎవరూ అడగకపోయినా తనంతట తానే దిద్దవచ్చు. ‘ఎప్పుడైనా’ అన్న మాట గుర్తుపెట్టుకోండి. ‘ఇన్నేళ్లయింది, టైం అయిపోయింది’ అని ఎవరైనా మిమ్మల్ని వెనక్కి పంపితే ఆ సెక్షన్ చూపించండి.

ఇక్కడ అసలు విషయం తేదీ. దిద్దిన రోజు వేరు, దిద్దుబాటు చెల్లే రోజు వేరు. కోర్టు ఈరోజు దిద్దినా, ఆ డిక్రీ మొదటి రోజు నుంచే సరిగ్గా ఉన్నట్టు లెక్క. పాత ఇంగ్లిష్ కోర్టుల నుంచి దీనికి ఒక లాటిన్ మాట వస్తోంది, ‘నంక్ ప్రో టంక్’ అని. మన మాటల్లో చెప్పాలంటే, ఇప్పుడు చేస్తున్నాం గానీ అప్పటికి చెల్లుతుంది. ఇది వింతేమీ కాదు. అదే కోడ్‌లో ఆర్డర్ 22 రూల్ 6 చూడండి. వాదనలు ముగిసి, తీర్పు చెప్పేలోపు కక్షిదారు చనిపోతే దావా పోదు. ఆ తీర్పు ఆయన బతికుండగానే చెప్పినంత బలంతో చెల్లుతుంది. ఎందుకంటే ఆలస్యం కోర్టుది, చనిపోయినవాడిది కాదు. కోర్టు చేసిన పనివల్ల ఎవరికీ నష్టం జరగకూడదన్నదే దీని వెనకున్న సూత్రం.

ఈ సూత్రానికి మన దేశంలో బలమైన సాక్ష్యం ఒక భూమి కేసే. ‘జంగ్ సింగ్ వర్సెస్ బ్రిజ్ లాల్’. నాటి పంజాబ్‌లో భూమి అమ్మకం మీద ముందస్తు కొనుగోలు హక్కు కోసం వేసిన దావా. 1957 అక్టోబర్‌లో రాజీ డిక్రీ వచ్చింది. 5,951 రూపాయల్లో అప్పటికే కట్టిన 1,000 పోను మిగతాది 1958 మే 1లోగా కట్టాలి, కట్టకపోతే దావా కొట్టేస్తారు. ఆయన గడువుకు ఎంతో ముందే, జనవరిలోనే కోర్టుకు పోయి డబ్బు కడతానని అర్జీ పెట్టాడు. కోర్టు గుమాస్తా రికార్డు చూడకుండా చలానా రాసిచ్చాడు. 4,951 రాయాల్సింది 4,950 రాశాడు. కోర్టు ఇచ్చిన చలానా ప్రకారం ఆయన డబ్బు కట్టేశాడు.

తర్వాత అవతలి పక్షం లేచింది. ఒక్క రూపాయి తక్కువైంది కాబట్టి డిక్రీ ప్రకారం దావా పోయినట్టేనంది. ఆ ఒక్క రూపాయి కోసం కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. 1963లో తీర్పు వచ్చింది. రాసింది జస్టిస్ హిదయతుల్లా, తర్వాత ప్రధాన న్యాయమూర్తి అయినాయన. కక్షిదారు జాగ్రత్తగా ఉండాల్సిందే, కానీ డిక్రీని పాటించడానికి కోర్టు సాయమే అడిగినవాడికి సరైన లెక్క చెప్పే బాధ్యత కోర్టుది అన్నారు. కోర్టు తప్పువల్ల నష్టపోయినవాణ్ని, ఆ తప్పు జరగకపోతే ఎక్కడ ఉండేవాడో అక్కడికే తిరిగి చేర్చాలని చెప్పి, ఆ ఒక్క రూపాయి కట్టే అవకాశం ఇచ్చారు.

న్యాయం గెలిచింది, సంతోషం. కానీ 1958లో జరిగిన ఒక్క రూపాయి తప్పును సరిదిద్దడానికి 1963 దాకా పట్టింది. ఆ ఐదేళ్ల వకీలు ఫీజులు, ప్రయాణాలు, నిద్రలేని రాత్రులు ఎవరి ఖాతాలో రాయాలి? గుమాస్తా ఖాతాలోనా, కోర్టు ఖాతాలోనా? అవి రైతు ఖాతాలోనే పడ్డాయి. చట్టం మనవైపు ఉండటం వేరు, ఆ చట్టం మన గడప దాకా రావడం వేరు. నా వాదన అంతా ఈ రెండింటి మధ్య ఉన్న దూరం గురించే.

వరండాలో జరిగేది

సంఘం పనిమీద నేను కోర్టు వరండాల్లో చాలా ఏళ్లుగా తిరుగుతున్నాను. సెక్షన్ 152 అర్జీకి ఏం జరుగుతుందో చూస్తూనే ఉన్నాను. రికార్డు రూం నుంచి పాత మిసిల్ తెప్పించాలంటారు. అది దొరకడానికి రెండు వాయిదాలు. ఎదుటి పక్షానికి నోటీసు ఇవ్వాలంటారు, ఇవ్వాల్సిందే. కానీ ఆయన నోటీసు తీసుకోకుండా తిరుగుతాడు. తీసుకున్నాక కౌంటర్‌కు టైం అడుగుతాడు. దావా ఓడిపోయినవాడికి ఈ ఒక్క అక్షరం వరంలా దొరుకుతుంది. తీర్పును ఆపలేనివాడు అక్షరాన్ని పట్టుకుని పంటల మీద పంటలు గడిపేస్తాడు.

మా మండలంలో ఒక అక్క కేసు చెబుతాను. తోబుట్టువులతో వాటా దావాలో గెలిచింది. డిక్రీలో సర్వే నెంబరు బై అక్షరం తప్పు పడింది. అమలు కోసం పోతే, డిక్రీలో ఉన్నదే మేం అమలు చేస్తాం, దాని వెనక్కి పోయి చూడలేం అన్నారు. ఆ మాట చట్టప్రకారం నిజమే, అమలు చేసే కోర్టు డిక్రీని మార్చలేదు. డిక్రీ ఇచ్చిన కోర్టే దిద్దాలి. అక్కడ అర్జీ పెడితే మూడు పంటలు గడిచాయి. ఆ మూడు పంటలూ భూమిని ఓడిపోయినవాళ్లే కాస్తు చేసుకున్నారు. గెలిచినామె పక్క చేలల్లో కూలికి పోయింది. చివరికి కోర్టు దిద్దింది, మొదటి తేదీ నుంచే చెల్లుతుంది. మరి ఆ మూడు పంటలు? అవి ఏ తేదీ నుంచి చెల్లుతాయి?

దిద్దుబాటు వెనక తేదీ నుంచి చెల్లుతుందని రాసి ఊరుకుంటే సగం న్యాయమే. హక్కు వెనక్కి పోయినప్పుడు దాని ఫలితం కూడా వెనక్కి పోవాలి.

కలెక్టర్ కలానికి ఆరు నెలలేనా?

కోర్టు సంగతి ఇది. భూసేకరణ అవార్డు రాసే కలెక్టర్ సంగతి ఇంకా విచిత్రం. 2013 భూసేకరణ చట్టం సెక్షన్ 33 చూడండి. అవార్డులో రాత తప్పులు, లెక్క తప్పులు కలెక్టర్ దిద్దవచ్చు, కానీ అవార్డు తేదీ నుంచి ఆరు నెలల లోపే. కేసును అథారిటీకి పంపాల్సి వస్తే, పంపేలోపే. పాత 1894 చట్టంలో 1984 సవరణతో చేర్చిన సెక్షన్ 13ఎ కూడా ఇదే పద్ధతి. సివిల్ కోర్టు తప్పును ‘ఎప్పుడైనా’ దిద్దవచ్చట, కలెక్టర్ ఆఫీసు తప్పు మాత్రం ఆరు నెలలు దాటితే అక్కడ దిద్దే దారి మూసుకుపోతుందట. అవార్డు ఇంగ్లిష్‌లో ఉంటుంది, నకలు చేతికి రావడమే ఆలస్యం. రైతు దాన్ని చదివించుకుని తప్పు కనిపెట్టేసరికి గడువు కరిగిపోతుంది.

ఇంకో వైపు చూడండి. దిద్దుబాటు వల్ల రైతుకు ఎక్కువ డబ్బు పోయిందని తేలితే ఆ డబ్బు తిరిగి కట్టాలి, కట్టకపోతే వసూలు చేయవచ్చు అని అదే సెక్షన్ స్పష్టంగా రాసింది. తక్కువ పోయిందని తేలితే ఇన్ని రోజుల్లో వడ్డీతో సహా ఇవ్వాలి అన్న మాట అదే సెక్షన్‌లో లేదు. రైతు దగ్గర నుంచి లాగడానికి ఒక వాక్యం పెట్టారు, రైతుకు ఇవ్వడానికి పెట్టలేదు. స్వాధీనం నాటికి పరిహారం చెల్లించకపోతే మొదటి ఏడాది 9 శాతం, ఆ తర్వాత 15 శాతం వడ్డీ ఇవ్వాలని సెక్షన్ 80లో ఉంది. తప్పు లెక్కవల్ల తక్కువ చెల్లించిన మొత్తం కూడా చెల్లించనిదే కదా! దానికీ అదే వడ్డీ కట్టాలని మనం గట్టిగా అడగాలి.

‘తీర్పంటే తీర్పే’ అనేవారికి

కొందరు వకీళ్లు, కొందరు అధికారులు ఒక వాదన చేస్తారు. ‘తీర్పుకు ఒక ముగింపు ఉండాలి. ఎప్పుడంటే అప్పుడు వెనక తేదీతో మారుస్తూ పోతే ఎవరి భూమికీ భరోసా ఉండదు’ అని. ఇది కొట్టిపారేయాల్సిన వాదన కాదు. నిజానికి ఈ భయం అందరికంటే ఎక్కువ ఉండాల్సింది మనకే.

ఎందుకంటే ఈ కత్తికి రెండు వైపులా పదునుంది. ‘క్లరికల్ తప్పు దిద్దుతున్నాం’ అనే పేరుతో పట్టా భూమిని సర్కారు భూమి అని రాయవచ్చు. మూడెకరాలను రెండెకరాలు చేయవచ్చు. సాగుదారు పేరు తీసి ఇంకొకరి పేరు దింపవచ్చు. అది దిద్దుబాటు కాదు, దొడ్డిదారి. అందుకే సుప్రీంకోర్టు గీత గీసింది. 1999లో ‘ద్వారకా దాస్ వర్సెస్ మధ్యప్రదేశ్ రాష్ట్రం’ కేసులో, అసలు డిక్రీలో ఇవ్వని వడ్డీని సెక్షన్ 152 పేరుతో తర్వాత చేర్చడం కుదరదని చెప్పింది. అంటే కోర్టు ఏం చెప్పదలచుకుందో అది కాగితం మీద తప్పుగా పడితే దిద్దవచ్చు. కోర్టు అప్పుడు చెప్పనిదాన్ని ఇప్పుడు చెప్పినట్టు రాయకూడదు.

ఆ గీత మనకు మేలే చేస్తుంది. మనం అడిగేది కొత్త హక్కు కాదు, ఇచ్చిన హక్కును ఇచ్చినట్టు రాయమనే. ముగింపు కావాలనేవారికి ఒక్క ప్రశ్న. తప్పు సర్వే నెంబరుతో ఉన్న డిక్రీ ఏ వివాదాన్ని ముగించింది? దానివల్ల ఈ భూమి వివాదం అలాగే ఉంది, పక్క నెంబరు రైతుకు కొత్త వివాదం పుట్టింది. దిద్దితేనే ముగింపు.

కోర్టు దిద్దినా కచేరి దిద్దదు

సరే, కోర్టు దిద్దింది. ఆ ఉత్తర్వు తహసీల్దార్ ఆఫీసుకు ఎవరు మోసుకుపోవాలి? మళ్లీ రైతే. 2020లో తెచ్చిన చట్టం రెవెన్యూ కోర్టులను రద్దు చేసింది, ధరణి వచ్చింది. కింది స్థాయిలో దిద్దే చేతులు కట్టేశారు, ఏమడిగినా సివిల్ కోర్టుకు పొమ్మన్నారు. 2025 ఏప్రిల్‌లో భూభారతి చట్టం అమల్లోకి వచ్చి అప్పీలు వ్యవస్థను తిరిగి తెచ్చింది. మంచిదే. కానీ చట్టం పేరు మారినంత మాత్రాన రికార్డులో తప్పు దానంతట అది మారదు. కోర్టు నకలు పట్టుకుని పోయిన రైతుకు ‘దరఖాస్తు పెట్టు, చూస్తాం’ అన్న మాటే ఇప్పటికీ ఎదురవుతోంది.

కోర్టు 2018 నాటి డిక్రీని 2025లో దిద్దితే, రికార్డులో మాత్రం 2025 నుంచే ఎక్కుతుంది. మధ్యలో రైతుబంధు రాలేదు, పంట రుణం రాలేదు. ఆ మధ్యలో రైతు చనిపోయి ఉంటే? పేరు రికార్డులో లేదు కాబట్టి రైతుబీమా ఐదు లక్షలూ లేవు. చనిపోయిన రైతు భార్యకు ‘మీ ఆయన హక్కు మొదటి రోజు నుంచే ఉందమ్మా’ అని కోర్టు చెబుతుంది, ‘మా కంప్యూటర్‌లో లేదమ్మా’ అని కచేరి చెబుతుంది. ఒకే సర్కారు, రెండు నాలుకలు.

మన డిమాండ్లు

ఒకటి. సాగుభూమికి సంబంధించిన సెక్షన్ 152 అర్జీలను నోటీసు అందిన నాటి నుంచి 30 రోజుల్లో తేల్చాలి. ప్రతి కింది కోర్టులో వీటికి నెలకో రోజు కేటాయించాలి.

రెండు. తప్పు కోర్టు రికార్డులోనే కనిపిస్తున్నప్పుడు రైతు అర్జీ కోసం ఎదురుచూడకుండా కోర్టు తనంతట తానే దిద్దాలి. ఆ అధికారం చట్టంలో ఉన్నదే.

మూడు. దిద్దిన ఉత్తర్వును కోర్టే నేరుగా తహసీల్దార్‌కు, సబ్ రిజిస్ట్రార్‌కు పంపాలి. అసలు డిక్రీ తేదీ నుంచి రికార్డులో ఎక్కించాలి. ఆ మధ్యకాలంలో తప్పిపోయిన పథకాల డబ్బు, బీమా బాధిత కుటుంబానికి ఇవ్వాలి.

నాలుగు. భూసేకరణ చట్టంలోని ఆరు నెలల గడువు రైతుకు వ్యతిరేకంగా పడిన రాత తప్పులకు వర్తించకుండా సవరించాలి. తక్కువ చెల్లించినదానికి సెక్షన్ 80 వడ్డీ కట్టాలి. అవార్డు నకలు, విస్తీర్ణం లెక్క ప్రతి రైతుకూ తెలుగులో ఇవ్వాలి.

ఐదు. విస్తీర్ణం తగ్గించే, పేరు మార్చే, భూమి స్వభావం మార్చే ఏ మార్పునూ ‘క్లరికల్’ పేరుతో నోటీసు లేకుండా చేయకూడదు. సెక్షన్ 33 కూడా, నష్టం కలిగే వ్యక్తి చెప్పుకునే అవకాశం ఇవ్వకుండా దిద్దకూడదనే అంటోంది.

మన పని మనం చేయాలి

డిమాండ్లు నెరవేరేదాకా చేతులు ముడుచుకు కూర్చోలేం. ఊరి కమిటీలు ఈ నెలలోనే మొదలుపెట్టాల్సిన పనులున్నాయి. కోర్టు డిక్రీ గానీ, అవార్డు గానీ ఉన్న ప్రతి సభ్యుడి కాగితం తెప్పించండి. సర్వే నెంబరు, బై అక్షరం, విస్తీర్ణం, నాలుగు హద్దులు, పేర్లు, పాసుబుక్కుతో, పహాణీతో పక్కపక్కన పెట్టి చూడండి. ఎకరాలు గుంటల్లో ఉన్నాయా, సెంట్లలో ఉన్నాయా అన్నది ముందు చూడండి. అవార్డు వచ్చినవాళ్లు ఆరు నెలలు ఎప్పటికి పూర్తవుతాయో గోడ మీద క్యాలెండర్‌లో రాసుకోండి. గడువు దాటాక ‘అయ్యో’ అంటే వినేవాడు లేడు. ఆరు నెలలు దాటినవాళ్లు కూడా ఆశ వదులుకోవద్దు. సెక్షన్ 64 కింద అథారిటీకి పంపమని అడిగే దారిని వకీలుతో మాట్లాడండి. దాని గడువు వేరు, తగిన కారణం చూపితే ఇంకో ఏడాది దాకా తీసుకునే వీలుంది.

తప్పు దొరికితే, అది ఎక్కడ మొదలైందో చూడండి. తీర్పులో సరిగ్గా ఉండి డిక్రీలో తప్పు పడితే దారి సులువు. మన దావాలోనే మన వకీలు తప్పు నెంబరు వేసి ఉంటే అది కష్టమైన దారి, వెంటనే వకీలుతో మాట్లాడాలి. అప్పీలులో తేలిన కేసైతే మామూలుగా అప్పీలు కోర్టులోనే దిద్దించుకోవాలి. ఫీజుకు భయపడి ఆగొద్దు. 1987 లీగల్ సర్వీసెస్ చట్టం ప్రకారం మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. కోర్టు ఆవరణలోనే ఆ ఆఫీసు ఉంటుంది. ఒక్కరే పోవద్దు, కమిటీ వాళ్లను వెంట తీసుకుపోండి.

దొరికిన తప్పుల వివరాలు మండల కమిటీకి రాసి పంపండి. పది కాగితాలు ఒకచోట చేరితే అది అర్జీ, వంద చేరితే అది జిల్లా జడ్జి గారి ముందు, కలెక్టర్ ముందు పెట్టాల్సిన మన కేసు. విత్తనం తప్పు పడితే రైతు ఆ పంటకే నష్టపోతాడు. అక్షరం తప్పు పడితే తరతరాలకు నష్టపోతాడు. తప్పు రాసినవాళ్లే దిద్దాలి, తప్పు జరిగిన రోజు నుంచే దిద్దాలి, ఖర్చు వాళ్లే భరించాలి. ఇందులో ఒక్క మాట కూడా తగ్గేది లేదు.